పిడి ఉన్న పెట్టె

ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసేసరికి హాల్లో మూడు అట్టపెట్టెలు వరసగా నిలబడి ఉన్నాయి. కొన్నవి కావు, చేసినవి. పాత అట్టలు కోసి, అంచులు టేపుతో అంటించి, మూలలు స్కేలు పెట్టి తీర్చిన పెట్టెలు. ఒకటి మోకాలి ఎత్తు దాటింది. రెండోది దానికి తమ్ముడిలా ఉంది. మూడోది బాగా చిన్నది, మంచం కిందకి తోసేసే సూట్‌కేసంత. ఆ చిన్నదాని నెత్తిన మాత్రం గుడ్డ పట్టీతో ఒక పిడి కుట్టి ఉంది.

ఆవిడ చెప్పులు విప్పడం మరిచిపోయి ఆ పిడి వైపే చూస్తూ నిలబడింది.

ఆవిడ ఉద్యోగం అలాంటిది మరి. బీమా కంపెనీలో అగ్నిప్రమాదాల క్లెయిములు తనిఖీ చేస్తుంది. కాలిన ఇంట్లో మసి తొక్కుకుంటూ తిరిగి, అది దానంతటదే అంటుకుందా, ఎవరైనా అంటించుకున్నారా అని కూపీ లాగాలి. ఆఫీసులో అందరూ ఆవిడను ‘భూతద్దం’ అంటారు, చాటుగా కూడా కాదు, ఎదురుగానే. ఏళ్ల తరబడి బూడిద జల్లించి ఆవిడ కనిపెట్టిన సూత్రం ఒకటుంది. నిజంగా కాలిన ఇంట్లో ఫోటోలు కాలిపోతాయి. కాల్చుకున్న ఇంట్లో ఫోటోలు ముందే ఏ పిన్నిగారింటికో చేరిపోయి ఉంటాయి. సోఫా పోతే పోనీ, టీవీ పోతే పోనీ అనుకున్నవాడు కూడా పెళ్లి ఆల్బమ్ దగ్గరికి వచ్చేసరికి మనసు రాక మెత్తబడతాడు. అందుకని ఏం కాలిందో కాదు, మంటకు ముందు ఏది కదిలిందో చూడాలంటుంది ఆవిడ.

పిడి ఉందంటే కదలడానికి సిద్ధమైన వస్తువన్నమాట.

“వచ్చావా?” అంటూ భర్త లోపలి గదిలోంచి వచ్చాడు. చెవి మీద పెన్సిలు, మెడలో కొలతల టేపు. ఆయన ఇళ్ల ప్లాన్లు గీస్తాడు. ఒక ఆర్కిటెక్టు ఆఫీసువాళ్లు ఇచ్చిన పాత కంప్యూటరు ఇంట్లో పెట్టుకుని దాని ముందు కూర్చుంటే లేవడు. ఏ వస్తువైనా కొనే ముందు సరిగ్గా అదే కొలతలతో అట్ట నమూనా చేసి, అది ఉండబోయే చోట పెట్టి, నాలుగు రోజులు దాని చుట్టూ తిరిగితే గానీ ఆయనకు తృప్తి ఉండదు. ఈ ఇంటికి వాషింగ్ మెషీను కూడా ముందు అట్టదే వచ్చింది. ఆవిడ దాని మీద బట్టలు మడతపెట్టి పెట్టుకుంటే అది కుంగిపోయింది, ఆయన రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు.

“కంప్యూటరు సొంతంగా కడదామనుకుంటున్నా. ఒక్కో భాగం కొని, నా చేత్తో” అన్నాడు. “ముందు క్యాబినెట్ తేలాలి. అదే, పైన డబ్బా. మిగతావన్నీ అందులో పట్టాలి కదా.”

“ఆఫీసువాళ్లది ఉందిగా?”

“అది వాళ్లది. ఇది నాది.”

నాది అన్న మాట ఆవిడకు చెవిలో గుచ్చుకుంది. మనది అంటే ఏం పోయిందట?

“ఆ చిన్నదానికి పిడి ఎందుకు?”

“ఊరికే. అలాంటిది ఒకటి వస్తోంది మార్కెట్లో” అని ఆయన పెన్సిలు చెవి మీంచి తీసి, చూసి, మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు. ఏమీ లేనివాళ్లు పెన్సిలు అలా తీసి పెట్టరని ఆవిడ అనుభవం.

నిజానికి ఆ ఇంట్లో ముందు దాపరికం మొదలుపెట్టింది ఆవిడే. అంతకుముందు వారం చివర్లో మేనేజరు గదిలోకి పిలిచి, వేరే ఊళ్లో కొత్త బ్రాంచి తెరుస్తున్నామని, దానికి పై అధికారిగా ఆవిడనే పంపాలని పైవాళ్లు ఖరారు చేశారని చెప్పాడు. “ఇంట్లో మాట్లాడుకుని వచ్చే శుక్రవారంలోగా చెప్పమ్మా” అన్నాడు నవ్వుతూ. ఆ కుర్చీ కోసం ఆవిడ ఎన్నేళ్లుగా కళ్లల్లో వత్తులేసుకుని చూసిందో ఆవిడకే తెలుసు. ఎగిరి గంతేయాల్సిన మనిషి, ఇంటికొచ్చి నోరు మెదపలేదు.

ఎందుకంటే ఒకసారి భోజనాల దగ్గర, “నాకు ట్రాన్స్‌ఫర్ అయితే ఏం చేద్దాం?” అని ఆవిడ మాటవరసకి అడిగింది. ఆయన తలెత్తకుండా, “ఈ టేబులు కదిలితే నా చెయ్యి కదలదు” అన్నాడు. అంతే. తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, పోయి ప్లాన్ల ముందు కూర్చున్నాడు. ఆ మాట ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు సంగతి చెప్తే, ‘నువ్వెళ్లు, నేను రాను’ అంటాడు. ఆ ఒక్క మాట వినడమంటే ఆవిడకు భయం. కుర్చీ కావాలి, మొగుడూ కావాలి, రెంటిలో ఒకటి జారిపోతుందేమోనని ఆవిడ బాధ. అడిగెయ్యొచ్చు కదా అని మీరనొచ్చు. కానీ ముందు అడిగినవాళ్ల భయం బయటపడిపోతుందన్నది ఆవిడకు వృత్తి నేర్పిన పాఠం. ఎదుటివాళ్లు తమంతట తాము చెప్పేదాకా ఊరుకుని చూడాలి.

అందుకని చూడటం మొదలుపెట్టింది. చూసేకొద్దీ కనబడింది. ఆయనకు కొత్తగా ఒక అలవాటు పట్టుకుంది. సాయంత్రం టీ అందిస్తూ, “ఏమిటి విశేషాలు?” అంటున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఆఫీసు సంగతి ఒక్కసారి ఆరా తీసిన పాపాన పోనివాడు, ఇప్పుడు ఎదురుగా కూర్చుని, ముఖంలోకి చూసి మరీ అడుగుతున్నాడు.

“ఏముంటాయి, మామూలే” అనేది ఆవిడ.

“మామూలేనా?”

“మామూలే.”

ఆయన కప్పు తీసుకుని వెళ్లిపోయేవాడు. తను ఎంత పనిలో మునిగి ఉంటుందో, ఎప్పుడు ఇంట్లో ఉండదో తెలుసుకోవడానికే ఈ కుశల ప్రశ్నలని ఆవిడ తేల్చుకుంది.

ఆయన క్యాబినెట్ కొనడానికి వెళ్తున్నానంటే, “నేనూ వస్తా” అని బయల్దేరింది. కంప్యూటరు భాగాలమ్మే ఆ కొట్టు సన్నగా, పొడుగ్గా, సొరంగంలా ఉంది. రెండు వైపులా నేల నుంచి పైకప్పు దాకా క్యాబినెట్లే. సగం వాటికి అద్దం తలుపులు, లోపల రంగురంగుల లైట్లు.

“మొదటిసారి కడుతున్నారా సార్? అయితే కళ్లు మూసుకుని ఇది తీసుకోండి” అన్నాడు కొట్టాయన, ఒక పెద్ద అద్దాల క్యాబినెట్‌ను తట్టి. “చెయ్యి పెడితే మోచేతి దాకా వెళ్తుంది. వైర్లు ఎలా పెట్టినా వెనకాల దాక్కుంటాయి. గాలి బాగా ఆడుతుంది. లోపల ఏముందో వచ్చినవాళ్లందరికీ కనబడుతుంది.”

“లోపల ఏముందో నాకు తెలిస్తే చాలు” అన్నాడు ఆయన. “ఆ హ్యాండిల్ ఉన్నది చూపించండి.”

ఎదుటివాళ్లకు కనబడకూడనిది ఏం పెడతావయ్యా అందులో, అని ఆవిడ లోపల్లోపల అడిగేసింది.

కొట్టాయన తల గోక్కుంటూ పై అరలోంచి చిన్న క్యాబినెట్ దింపాడు. నల్లటి రేకు పెట్టె, నెత్తిన అటూ ఇటూ స్క్రూలతో బిగించిన గట్టి పిడి. “బావుంటుంది సార్, కాదనను. కానీ ఇందులో కట్టడమంటే అలవాటైనవాళ్లకే చుక్కలు కనబడతాయి. చిన్న మదర్‌బోర్డే పడుతుంది. కార్డు పొడుగైతే మూత పడదు. వేలు దూరదు. మీ ఇష్టం మరి.”

ఆయన జేబులోంచి ఒక అట్టముక్క తీశాడు. కొనబోయే గ్రాఫిక్స్ కార్డు కొలతలకు ముందే కోసి తెచ్చుకున్నాడు. దాన్ని పెట్టె లోపల పెట్టి, అటూ ఇటూ వేలితో జరిపి, పట్టిందని తలూపాడు. ఇంకో అట్టముక్క తీసి ఫ్యాను ఎత్తు చూసుకున్నాడు. తరవాత మూత పెట్టి, పిడి పట్టుకుని, పెట్టె ఎత్తి, కొట్టు గుమ్మం దాకా నడిచాడు. వెనక్కి వచ్చాడు. చెయ్యి మార్చుకుని మళ్లీ గుమ్మం వైపు నడిచాడు.

ఆ వీపు, చేతిలో ఆ పెట్టె, ఆ గుమ్మం చూసేసరికి ఆవిడకు ఒకటే తోచింది. ఇల్లు విడిచి వెళ్లే మనిషి వెనక నుంచి సరిగ్గా అలాగే ఉంటాడు.

“పడుకోబెట్టి తీసుకెళ్తే లోపల కార్డు ఊగదు కదా?” అని కొట్టాయన్ని అడిగాడు ఆయన.

“ఎక్కడికి తీసుకెళ్తారట?” అంది ఆవిడ, గొంతు మామూలుగా ఉండేలా జాగ్రత్తపడి.

ఆయన నీళ్లు నమిలాడు. “ఎక్కడికనేముంది... ఇల్లు ఊడ్చేటప్పుడు పక్కకి జరపాలిగా.”

చీపురు ఏ మూల ఉంటుందో తెలియని మనిషి అన్న మాట అది. ఆవిడకు నవ్వు రావాలి, రాలేదు. ఒక పరీక్ష పెట్టి చూద్దామనుకుంది.

“పెద్దదే తీసుకోండి. టేబులు కింద పడి ఉంటుంది. ఇంక ఎప్పటికీ కదిలించే పని ఉండదు.”

ఆయన ఆగి ఆవిడ ముఖంలోకి చూశాడు. “కదిలించే పని ఉండదా?”

“ఉంటుందా?”

“నువ్వు చెప్పు” అన్నాడు.

కొట్టాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇది క్యాబినెట్ గొడవ కాదని గ్రహించినవాడిలా పక్కకెళ్లి ఏదో సర్దుకున్నాడు. ఆవిడ పెద్ద క్యాబినెట్ ధర చీటీ తిప్పి చూసింది. ఆయన ముఖం కాస్త చిన్నబోయింది. దొరికిపోతున్నానని అనుకుని ఉంటాడు, అనుకుంది ఆవిడ.

“చిన్నదే ఇవ్వండి” అన్నాడు ఆయన.

గురువారం బీరువాలో ఏదో వెతుకుతుంటే అడుగు అరలో ఒక చోట ఖాళీ కనబడింది. చుట్టూ సన్నటి దుమ్ము, మధ్యలో నలుపలకలుగా శుభ్రమైన చోటు. ఆవిడకు అక్కడ ఏముండేదో తలుచుకోవాల్సిన పని కూడా లేకపోయింది. పెళ్లి ఆల్బమ్.

ఆవిడ బీరువా ముందు నేల మీద కూలబడింది. ఎన్ని కాలిన ఇళ్లలో ఎంతమంది ఇల్లాళ్ల ముందు నిలబడి, ‘ఫోటోలు ఏవమ్మా?’ అని అడిగిందో! ఆ ప్రశ్న ఇంత బరువుగా ఉంటుందని ఒక్కనాడూ అనిపించలేదు. ఆయన పక్క గదిలో ఏదో గుణించుకుంటూ ఈల వేస్తున్నాడు. ఆ ఈల కూడా అనుమానంగానే వినబడింది.

శుక్రవారం పొద్దున ఆఫీసు మెట్ల మీద నిలబడి ఆడపడుచుకి ఫోను చేసింది. పిన్నిగారిల్లు కాకపోతే చెల్లెలిల్లు, ఇంకెక్కడికి పోతుంది?

“మా ఆల్బమ్ మీ ఇంట్లో ఉంది కదా?” అంది, తెలిసిన సంగతే అడిగినట్టు. ఇది కూడా వృత్తిలో నేర్చిందే.

“ఉంది వదినా. అన్నయ్య మొన్న ఇచ్చి వెళ్లాడు. భద్రంగా పెట్టమన్నాడు. నీకు మాత్రం ఇప్పుడే చెప్పొద్దన్నా...” అని ఆడపడుచు టక్కున ఆగింది. “అయ్యో! చెప్పేశానా?”

“నాకు తెలుసులే” అని ఆవిడ ఫోను పెట్టేసింది.

ఇంక చూడాల్సింది ఏముంది? సాక్ష్యాలన్నీ కళ్లెదుటే ఉన్నాయి. సొంతానికి ఒక కంప్యూటరు, దానికి పిడి, చెల్లెలింటికి చేరిన ఫోటోలు. ఇదే ఇంకొకరి ఇల్లయితే ఆవిడ ఈపాటికి ఫైలు మూసేసి ఉండేది. ఏడుపు వచ్చింది. దాన్ని మింగేసరికి దాని స్థానంలో కోపం వచ్చింది, పౌరుషం వచ్చింది. వదిలించుకోవాలని ఆయన చూస్తుంటే, ఆయన కోసం ఇన్నాళ్లూ తను కుర్చీని వదులుకుందామా అని కిందా మీదా పడిందా? ఆ ఊపులో మేనేజరుకి ఫోను చేసింది.

“వెళ్తాను సార్. ఒక్కదాన్నే. ఉండటానికి ఒక్క గది క్వార్టరు చాలు.”

అవతల మేనేజరు రెట్టించాడు. “ఒక్కదానివేనా అమ్మా?”

“ఒక్కదాన్నే.”

“సరే, చూస్తాను” అన్నాడాయన, ఎందుకో తికమకపడుతూ.

ఈరోజు తాడోపేడో తేల్చుకోవాలని సెలవు పెట్టి మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేసింది. గుమ్మంలోనే అడగడానికి మాట సిద్ధం చేసుకుంది. కానీ లోపల భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి, దాని మీద భాగాలన్నీ ఆపరేషన్ గదిలో కత్తుల్లా వరసగా పేర్చి, ఆయన ఆ చిన్న పెట్టెలోకి తల దూర్చి ఉన్నాడు. పక్క గదిలో ఆయన టేబులు ఖాళీగా ఉంది. పాత కంప్యూటరు లేదు.

“అదేమైంది?”

“తిరిగిచ్చేశా. ఇకనుంచి నేను ఎక్కడ కూర్చుని గీసినా వాళ్లకి ఒకటే అన్నారు” అన్నాడు, పెట్టెలోంచే. “మంచి టైముకి వచ్చావు. కొంచెం ఇటు రా. ఈ బటను వైర్లు లోపల చివర్న గుచ్చాలి. నా వేలు దూరడం లేదు. కొట్టాయన ముందే చెప్పాడు, వినలేదు.”

ఎక్కడ కూర్చుని గీసినా! ఇంత తేలిగ్గా చెప్తున్నాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగు కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. ఎందుకు వచ్చిందో ఆవిడకే తెలియదు. ఆవిడవి బూడిదలో కాలిన తీగ చివర్లు ఏరే సన్నటి వేళ్లు. ఆయన టార్చి పట్టుకుంటే ఆవిడ ఆ పిల్లల పళ్లలాంటి పిన్నుల మీద ఒక్కో వైరూ గుచ్చింది. ఇద్దరి తలలూ దాదాపు ఆనుకున్నాయి. ఆయన ఊపిరి చెంపకు తగులుతోంది. ఈ మనిషి వెళ్లిపోవడానికి బండి నేనే సిద్ధం చేసిపెడుతున్నాను కదా అనుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. టార్చి వెలుగు కళ్లలో పడిందని చెప్పింది.

“నొక్కు” అన్నాడు ఆయన. “నువ్వే నొక్కు.”

నొక్కింది. చిన్న ఫ్యాను ఒక్కసారి ఉలిక్కిపడి, తిరగడం మొదలుపెట్టింది. బల్ల చివర పెట్టిన మానిటరు మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

ఇప్పుడు అడగాలి అనుకుని ఆవిడ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే బల్ల మీద ఆయన ఫోను మోగింది. తెర మీద ఆవిడ మేనేజరు పేరు. ఆయన రెండు చేతులా స్క్రూలున్నాయి. మేనేజరు నంబరు మొగుడి ఫోన్లో ఎలా ఉందని ఆశ్చర్యపోతూ ఆవిడే స్పీకరు నొక్కింది.

“ఏమండీ, ఒక చిక్కు వచ్చింది” అన్నాడు మేనేజరు. “క్వార్టరుకి రాయాలి. ఆ రోజు మిమ్మల్ని అడిగితే ఇద్దరం వెళ్తామన్నారు. ఇవాళ మీ ఆవిడేమో ఒక్కదాన్నే, ఒక్క గది చాలంటోంది. ఊళ్లోవాళ్ల అబద్ధాలు పట్టే మనిషి ఇంట్లో ఈ రెండు వాంగ్మూలాలేమిటండీ? ఏది రాసుకోమంటారు?”

 ఆయన ఆవిడ వైపు చూడలేదు.

“మళ్లీ చేస్తాం సార్” అని ఆయన మోచేత్తో ఫోను నొక్కేశాడు.



“మీకు ఎప్పుడు తెలిసింది?” అంది ఆవిడ.

“నువ్వు ఆ కాలిన గోడౌనుకి వెళ్లిన రోజు. నీ ఫోను కలవలేదని మీ మేనేజరు నాకు చేశాడు. రేపు నేనే చెప్తాలెండి, ఆవిడకి చెప్పకండి, అన్నాడు. ఇద్దరూ కదులుతారా అంటే కదులుతామన్నా.”

“మరి నాకొక్క మాట...”

“వార్త నీది. నువ్వు చెప్తే వినాలని ఉండదా నాకు? రోజూ టీ పట్టుకొచ్చి అడిగానే, విశేషాలేమిటని?” ఆయన గొంతు పెరగలేదు. పెరిగితే ఆవిడకు తేలిగ్గా ఉండేది. “సామాన్ల లారీలో పోతుందేమోనని ఆల్బమ్ చెల్లెలికిచ్చా. ఆ ఆఫీసు మిషనుంటే నేను ఈ ఊరు కదల్లేనని ఇది కట్టా. ఒళ్లో పెట్టుకుని తీసుకురావాలని చిన్నది తీసుకున్నా. కొట్లో కూడా నోరు తెరిచి చెప్తావేమోనని చూశా. నువ్వు పెద్దది కొనమన్నావు.”

స్క్రూడ్రైవరు తీసుకుని ఆయన పెట్టె నెత్తిన ఉన్న పిడి స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. ఒకటి విప్పాడు. రెండోది విప్పాడు. ఒక వైపు ఊడి పిడి పక్కకి వాలింది. కోపంగా కాదు, అక్కర్లేని గీత ప్లాన్లోంచి చెరిపేసినట్టు నెమ్మదిగా చేస్తున్నాడు.

ఆవిడ సాక్ష్యాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఆయన వెళ్లడానికే సిద్ధమయ్యాడు. ఎవరితో అన్నది మాత్రం ఆవిడ ఒక్కసారీ అడగలేదు. ఇన్నేళ్ల అనుభవమూ పోయి పోయి తన ఇంట్లోనే పప్పులో కాలేసింది. ఆవిడకు సిగ్గేసింది, అంతకు మించి భయం వేసింది. మూడో స్క్రూ మీద స్క్రూడ్రైవరు ఆనేసరికి పిడి మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. రెండో చేత్తో ఫోను తీసి మేనేజరుకి తనే చేసింది.

“సార్, పొద్దున నేను చెప్పింది అబద్ధం. ఆయన చెప్పిందే నిజం. ఇద్దరికని రాయండి.”

“మళ్లీ మారదు కదమ్మా?”

“మారదు సార్. నా తనిఖీలోనే తప్పుంది.”

ఫోను పెట్టేశాక కూడా ఆవిడ పిడి వదల్లేదు. ఆయన ముఖంలో నవ్వు రాలేదు.

“ఒక్క గది చాలన్నావు” అన్నాడు.

“అన్నాను.”

“నన్ను ఒక్క మాట అడక్కుండా.”

“అడిగితే, నువ్వెళ్లు నేను రాను అంటారేమోనని భయం. ఆ మాట వినలేను” అంది. ఈసారి టార్చి మీద నెట్టలేదు, కళ్లు తుడుచుకోనూ లేదు.

 ఆయన గుప్పెట్లో ఉన్న రెండు స్క్రూలూ ఆవిడ అరచేతిలో పోసి, స్క్రూడ్రైవరు చేతికిచ్చాడు.

“నువ్వే బిగించు.”

మొదటిది వంకరగా ఎక్కింది. విప్పి మళ్లీ పెట్టింది. రెండోది కుదురుగా పడింది. ఆయన కంప్యూటరు ఆపి, వైర్లు పీకి పక్కన పెట్టాడు. ఆవిడ పిడి పట్టుకుని పెట్టె ఎత్తి, గుమ్మం దాకా నడిచి, వెనక్కి వచ్చింది. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది.

“స్టేషన్లో నువ్వే మొయ్యాలి” అన్నాడు ఆయన.

“సరే” అంది ఆవిడ, దాన్ని కింద పెట్టకుండానే.